కుడితిలో కలిసే తవుడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాల్లో పండే వడ్లు మిల్లుకు చేరి ఊక, తవుడు, నూకలు, బియ్యంగా విడిపోతాయి. వంద కిలోల వడ్లకు సుమారు ఎనిమిది కిలోలుగా వచ్చే తవుడు తరతరాలుగా పశువుల కుడితిలో కలుస్తూ వచ్చినా, గింజలోని బి1 విటమిన్, పీచు, నూనెలలో ఎక్కువ పాలు దానిలోనే ఉంది.

ఆకలి తీర్చడంతో పాటు శరీరానికి ప్రత్యేకమైన మేలు చేసే ఆహారాన్ని ఫంక్షనల్ ఫుడ్ అని, ఆహారం నుంచి వేరుచేసి మాత్రగానో పొడిగానో వాడే పోషక పదార్థాన్ని న్యూట్రాస్యూటికల్ అని అంటారు. ఈ రెండో మాటను అమెరికా వైద్యుడు స్టీఫెన్ డిఫెలిస్ 1989లో కల్పించినా, అంతకు దాదాపు వందేళ్ల ముందే తవుడు తన గుణం చాటుకుంది. 1890లలో జావాలో పాలిష్ బియ్యం మేసి కాళ్లు పడిపోయిన కోళ్లు, తవుడు పోని బియ్యం పెట్టగానే కోలుకోవడాన్ని డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ గమనించాడు. మనుషుల్లో నరాలను, గుండెను దెబ్బతీసే బెరిబెరికి బి1 లోపమే కారణమని ఆ దారిలోనే తేలింది. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సైతం 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టిందే.

తవుడులో 15 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది. అందులోని ఒరైజనాల్ అనే పదార్థం, మొక్కల స్టెరాల్స్ కలిసి పేగుల నుంచి కొలెస్ట్రాల్ రక్తంలోకి చేరడాన్ని కొంత అడ్డుకుంటాయి. అయితే ఈ నూనెను కాపాడుకోవడం తేలిక కాదు. పచ్చి వడ్లు ఆడిన తాజా తవుడును వేళ్ల మధ్య నలిపితే జిడ్డుగా, కమ్మగా ఉంటుంది గాని, కొద్ది రోజులు సంచిలో ఉంటే ముక్క వాసన కొట్టి చేదెక్కుతుంది. గింజ పొరల్లో విడిగా ఉన్న లైపేజ్ అనే ఎంజైమ్ మర ఆడినప్పుడు నూనెతో కలిసి దానిని విరగ్గొట్టడమే ఇందుకు కారణం. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి ఆడే ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆ వేడికే ఎంజైమ్ పని ఆగిపోతుంది కనుక అక్కడి తవుడు ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా ఆవిరి వల్ల బి1 కొంత గింజ లోపలికి ఇంకి, అన్నంలోనూ మిగులుతుంది.

క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని ఒరైజనాల్ చాలావరకు పోతుంది కాబట్టి, సీసా మీద తవుడు నూనె అన్న పేరు ఒక్కటే చూసి మురిసిపోవడం తగదు; ఒరైజనాల్ ఎంతుందో చూసి కొనాలి. ఎంత మంచిదైనా అది నూనే గనుక మితం తప్పకూడదు, వైద్యులు రాసిన మందులు దాన్ని నమ్మి మానకూడదు. తవుడు కొంత గింజ మీదే మిగిలేలా, వడ్లు పండించే ఇళ్లవారు తిండిగింజలు ఆడించేటప్పుడు పాలిష్ ఒక పట్టు తగ్గించమని మిల్లులో అడగాలి.