మస్తిష్క పక్షవాతము – ఇంటి ముంగిట వ్యాయామము

మహాభారతములోని అరణ్యపర్వమున అష్టావక్రుని కథ కలదు. తల్లి గర్భములో నుండగనే తండ్రి వేదాధ్యయనములోని దోషమును ఎత్తిచూపినందులకు ఆ తండ్రి కోపించి, ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించెను. ఆ బాలుడు పండ్రెండవ యేట జనకుని సభకు పోయి వందిని వాదమున ఓడించెను. కథ తుదిలో తండ్రి ఆజ్ఞచే సమంగానదిలో మునిగి లేచునప్పటికి అతని అవయవములన్నియు చక్కబడెను. వినువారికి అతని పాండిత్యముకంటె ఆ మునకయే ఎక్కువ గుర్తుండును. వంకరపోయిన కాలు ఒక్క మునకతోనో, ఒక్క సూదిమందుతోనో, ఒక్క మ్రొక్కుతోనో తిన్ననగునను ఆశ పల్లెలలో నేటికిని నిలిచియున్నది. పడమటి కర్నూలు సీమలో, ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి ప్రాంతములలో, నడక రాని బిడ్డను చంకనెత్తుకొని మంత్రాలయమునకు పోయి, తుంగభద్రలో స్నానము చేయించి, రాఘవేంద్రస్వామి బృందావనమునకు ప్రదక్షిణములు చేయు తల్లులు కలరు. వారి భక్తిని ఆక్షేపించుట ఎవరికిని తగదు. అయితే ప్రదక్షిణములు ముగించి ఇల్లు చేరిన తరువాత బిడ్డతో చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. అది ప్రతిదినము చేయవలసినది, ఏండ్లకొలది చేయవలసినది.

వైద్యులు సెరిబ్రల్ పాల్సీ యనియు, ప్రభుత్వ పత్రములు మస్తిష్క పక్షవాతమనియు పేర్కొను ఈ స్థితిని వ్యాధి యనుటకంటె గాయపు ఫలితమనుట సమంజసము. ఎదుగుచున్న మెదడునకు తల్లి గర్భములోనో, కాన్పు సమయముననో, పుట్టిన తొలి రెండేండ్లలోపుననో దెబ్బ తగులును. నెలలు నిండకుండ పుట్టుట, పుట్టగానే ఊపిరి అందకపోవుట, తొలి దినములలో పచ్చకామెర్లు మిక్కిలి ముదురుట, మెదడువాపు జ్వరము మొదలైనవి కారణములు. ఆ గాయము తరువాత పెరుగదు. ఒకరినుండి ఒకరికి అంటదు. పోలియోలో కండరము సడలి వ్రేలాడును. ఇచ్చట మెదడు పంపు ఆజ్ఞయే తారుమారగును. నూటికి సుమారు ఎనుబది మందిలో కండరములు బిగుసుకొనిపోవును. కొందరిలో కాళ్లు చేతులు తమంత తామే మెలికలు తిరుగుచుండును. మరికొందరిలో నిలకడ తప్పును. బుద్ధిమాంద్యము అందరిలో నుండదు. సుమారు సగము మందిలో అది లేనేలేదు. మాట తడబడినంత మాత్రమున మతి లేదనుకొనుట బడులలో నేటికిని జరుగుచున్న పెద్ద అపచారము.

ఈ స్థితిని మొదట విపులముగ వర్ణించినవాడు లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్. చిన్ననాడే పాదము వంకరపోయిన ఆయన జర్మనీలోని హానోవరుకు పోయి, స్ట్రోమయర్ అను శస్త్రవైద్యునిచే దానిని సరిచేయించుకొని, తిరిగివచ్చి లండనులో ఎముకల వైద్యమునకు ఆసుపత్రి స్థాపించెను. 1861లో ప్రసూతి వైద్యుల సంఘము ఎదుట ఉపన్యసించుచు, పిల్లల కాళ్ల బిగువునకు కష్టకాన్పు కారణమని చెప్పెను. అటుపిమ్మట 1897లో ఈ విషయముపై పెద్ద గ్రంథము వ్రాసినవాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఫ్రాయిడ్ అనగానే కలలను తలచుకొను సాహిత్య విద్యార్థులకు ఇది వింతగా తోచును గాని, ఆయన అప్పటికి నరముల వైద్యుడు. కష్టకాన్పు కొన్ని యెడల కారణము కాక, గర్భములోనే జరిగిన లోపమునకు లక్షణము కావచ్చునని ఆయన సందేహించెను. ఆ సందేహము నిరాధారము కాదని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

గాయపడిన మెదడును మాన్పు మందు లేనప్పుడు కాళ్లకు వ్యాయామమెందుకని తల్లిదండ్రులు అడుగుదురు. బిడ్డ పెరుగుచుండగా ఎముక పొడవగును. బిగువు పట్టిన కండరము దానితో సమానముగ సాగదు. ఐదేండ్ల ప్రాయమున మునివ్రేళ్లపై నడచు పిల్లవాడు, ఏ శ్రద్ధయు లేనిచో, పండ్రెండేండ్లకు మడమ నేల మోపలేనివాడు కావచ్చును. మోకాలు వంగిపోవును, తుంటి కీలు తన గుంటనుండి తొలగిపోవుటయు కలదు. మెదడులోని గాయము పెరుగకపోయినను దేహములోని వైకల్యము ఈ విధముగ పెరుగును. ఇక మెదడు సంగతి. చెడిన భాగము చేయవలసిన పనిని తక్కిన భాగములు కొంతవరకు నేర్చుకొనగలవు. అవి నేర్చుకొనుటకు పని కావలెను, ఆ పని పదేపదే జరుగవలెను, దానిని బిడ్డ స్వయముగ చేయవలెను.

ఈ “స్వయముగ” అను మాట చికిత్సకులకు సులభముగ తట్టలేదు. 1940ల నుండి లండనులో బెర్తా, కారెల్ బోబాత్ దంపతులు ఒక పద్ధతిని పెంపొందించిరి. చికిత్సకుడు తన చేతులతో బిడ్డ దేహమును సరియైన భంగిమలో నిలిపి కదలికలను మలచుట అందలి ముఖ్యాంశము. అది లోకమంతట వ్యాపించెను. కాని ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ మొదలగువారు 2013లోను, మరల 2020లోను అంతవరకు వచ్చిన పరిశోధనలను గుదిగూర్చి చూచినప్పుడు ఆ పద్ధతి తొలి రూపము పరీక్షకు నిలువలేదు. ఇతరులు కాలు పట్టి సాగదీయుటవలన కలుగు లాభము స్వల్పమనియు, బిడ్డ తనకు కావలసిన పనిని తానే పూనుకొని పలుమారులు చేయుటవలన కలుగు లాభము అధికమనియు తేలెను. బలము చేకూర్చు వ్యాయామము బిగువును పెంచునను పాత భయము కూడ 1990ల నాటి పరిశోధనలతో సడలిపోయెను. తైవానులో 2007లో, నడవగలిగియు కాళ్లు బిగుసుకొనిన పిల్లలకు బరువులు పెట్టిన చొక్కా తొడిగి, కూర్చున్న చోటినుండి లేచి నిలుచుట అభ్యసింపజేయగా వారి కదలికలు మెరుగుపడెను. అంతకంటె మనకు పనికివచ్చునది నోవాక్ బృందము 2009లో ప్రకటించిన పరిశోధన. అందులో తల్లిదండ్రులు ఇంటివద్ద చేయించిన అభ్యాసము నెలకు సగటున 17, 18 సారులు, సారికి 16, 17 నిమిషములు మాత్రమే. ఎనిమిది వారములలో పిల్లల చేతిపనిలో మేలు కనబడెను. ఆ నిమిషముల లెక్క గమనింపదగినది. కూలిపనికి పోవు తల్లికి గంటలు దొరకవు, పావుగంట దొరకును.

కృష్ణగిరి మండలము వంటి మెట్టసీమలో ఈ పావుగంట ఎవరి చేతిలో నున్నదో చూడవలసియున్నది. ఆంధ్రప్రదేశ్ మండలములలో సమగ్ర శిక్ష ఆధ్వర్యమున “భవిత” కేంద్రములు నడుచుచున్నవి. అచ్చట సహిత విద్యా ఉపాధ్యాయులు ప్రత్యేకావసరములు గల పిల్లలకు బోధింతురు. ఫిజియోథెరపిస్టు సాధారణముగ వారమునకొకనాడు వచ్చును. కదలలేని బిడ్డ ఇంటికి ఉపాధ్యాయులే పోవుదురు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్వాడీలలోను బడులలోను పిల్లలను పరీక్షించి, జిల్లా స్థాయి కేంద్రమునకు పంపు ఏర్పాటు కలదు. పొరుగున అనంతపురములో 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వికలాంగ బాలల సేవను తన పనులలో నొకటిగ చేసికొనెను. ఏర్పాట్లు లేవనుటకు వీలులేదు. అయితే వారములో 168 గంటలు గలవు. చికిత్సకుని చేతిలో బిడ్డ యుండునది అందులో ఒక గంటకు మించదు. తక్కిన 167 గంటలు ఇంటివి, బడివి.

ఇచ్చటనే మరియొక చిక్కు కలదు. ఊళ్లలో ఈ బిడ్డల తల్లిదండ్రుల తిరుగుడంతయు సదరం సర్టిఫికెట్టు చుట్టును, పింఛను చుట్టును సాగును. అది అక్కరలేదని కాదు. 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. పేదయింట అది చిన్న మొత్తము కాదు. సర్టిఫికెట్టు చేతికి వచ్చిన నాడు పని ముగిసినదని తలచి, వ్యాయామమును మరచుట మాత్రము బిడ్డకు నష్టము.

వ్యాయామమనగానే పట్టణపు ఆసుపత్రిలోని యంత్రములు కన్నులకు కట్టును. వాటి అవసరము అంతగా లేదు. అమెరికావాడైన డేవిడ్ వెర్నర్ మెక్సికో పల్లెలలో పనిచేసిన అనుభవముతో 1987లో ఒక పుస్తకము ప్రకటించెను. కర్రలు, మట్టి, పాత టైర్లు మొదలైన ఊరి వస్తువులతోనే చికిత్సా సాధనములు చేసికొను విధములు అందులో వందలకొలది బొమ్మలతో కలవు. కర్నూలు పల్లెయింటిలోను అట్టి సామగ్రి కొదువలేదు. పీటపై కూర్చుండి, పాదములు నేలకానించి, చేతుల ఊతము లేకుండ లేచి నిలుచుట పదిసారులు చేసిన చాలును. అది తొడ కండరమునకు మంచి వ్యాయామము. అలవాటైన కొలది పీట ఎత్తు తగ్గించవచ్చును. గడప దాటుట, అరుగు మెట్టు ఎక్కి దిగుట ఒక పాఠము. రెండు వెదురుగళలను నడుమెత్తున సమాంతరముగ కట్టిన నడక నేర్చు బాట యగును.

చేతులకైతే ఈ సీమలో బుడ్డలకంటె మంచి సాధనము మరియొకటి లేదనవచ్చును. బుడ్డలనగా వేరుశనగకాయలు. ఒక ప్రక్క చేయి చచ్చుబడిన బిడ్డ ఆ చేతిని వాడుటయే మానుకొనును. మంచి చేతితోనే పనులన్నియు గడుపుకొనును. వాడని చేతిని మెదడు క్రమముగ మరచును. బుడ్డ ఒలుచుటకు రెండు చేతులు కావలెను. ఒక చేయి పట్టుకొనవలెను, ఒక చేయి చిట్లింపవలెను. కాయకు కాయ అభ్యాసము. మధ్య మధ్య గింజ నోటికి ప్రతిఫలము. మింగుటకు కష్టపడు బిడ్డకును, పసివానికిని గింజ గొంతుకడ్డుపడు ప్రమాదము కలదు గనుక వారికి చింతపిక్కలు, బుడ్డలు వంటివి దూరముగ నుంచి, పెద్ద వస్తువులను ఇయ్యవలెను. మంచి చేతికి కొంతసేపు తొడుగు వేసి బలహీనమైన చేతిచే పనిచేయించు పద్ధతియు కలదు. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనలనుండి పుట్టిన ఆ పద్ధతికి గట్టి ఆధారములున్నవి. దానిని ఫిజియోథెరపిస్టు సలహాతో ఆటగా చేయింపవలెను గాని శిక్షగా కాదు. నొప్పితో ఏడ్చుచున్న బిడ్డ కాలిని బలవంతముగ వంచుట ఏ పద్ధతిలోను లేదు.

అందరు బిడ్డలును నడవగలరని ఆశపెట్టుట మోసము. కెనడాలో 1997లో రాబర్ట్ పాలిసానో మొదలగువారు ఈ పిల్లల కదలికలను ఐదు అంతరువులుగ విభజించిరి. మొదటి అంతరువు వారు పరుగెత్తగలరు. ఐదవ అంతరువు వారికి తల నిలుపుటయే కష్టము. 2002లో వచ్చిన మరియొక పరిశోధనను బట్టి, బిడ్డ తాను పొందగల కదలికలలో నూటికి తొంబది పాళ్లు ఐదేండ్లలోపే పొందును. తీవ్ర స్థితిలో నున్నవారు మూడేండ్లకు ముందే. ఏడాది నిండినను కూర్చుండలేని బిడ్డను “మెల్లగా వచ్చునులే” యని వదలివేయు ఇండ్లవారు ఈ లెక్క తెలిసికొనవలెను. తీవ్ర స్థితిలోని బిడ్డకు వ్యాయామపు లక్ష్యమే వేరు. పరుండిన చోట ప్రక్కలు మార్చుట, గోడలు కలియు మూలలో దిండ్లు పేర్చి నిటారుగ కూర్చుండబెట్టుట, కూర్చుండబెట్టియే అన్నము తినిపించుట, తుంటి కీలును వైద్యునిచే మధ్య మధ్య చూపించుట. పరుండబెట్టి తినిపించిన అన్నము ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ ఒక్క అలవాటు మార్చుట అనేకములైన వ్యాయామములకంటె విలువైనది.

బడిలో ఉపాధ్యాయుడు చేయగలిగినది చాల కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో మస్తిష్క పక్షవాతమును పేర్కొని, ఆరునుండి పదునెనిమిది ఏండ్లవరకు ఉచిత విద్యకు హామీ ఇచ్చెను. హాజరుపట్టికలో పేరుండుట వేరు, పిల్లవానికి బడిలో పని యుండుట వేరు. పాదములు గాలిలో వ్రేలాడుచుండగా ఏ బిడ్డయు చక్కగా వ్రాయలేడు. క్రింద రెండు ఇటుకలు పెట్టిన వ్రాత మారును. నోటుపుస్తకములు పంచుట, నల్లబల్ల తుడుచుట, బడిగంట కొట్టుట – ఇవి అప్పగించిన లేచుట, చేయి చాచుట, నడచుట అన్నియు అందులో నున్నవి. అవి వ్యాయామములని పిల్లవానికి తెలియనక్కరలేదు. తోటిపిల్లలు ప్రేమతో అతని సంచి తామే మోసి, పలక తామే తెచ్చి ఇత్తురు. ఆ ప్రేమను కొంత అదుపులో పెట్టవలసివచ్చును. బొంబాయిలో 1972లో మిథు ఆలూర్ తన కుమార్తె వంటి పిల్లలకు చదువు చెప్పింపదలచి స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించెను. ఆ కుమార్తె మాలినీ చిబ్ ఉన్నతవిద్య నభ్యసించి, ఒక్క చిటికెనవ్రేలితో తన ఆత్మకథను టైపుచేసెను. ఆ వ్రేలు మంత్రముతో కదలలేదు. ఏండ్ల తరబడి దానికి పని దొరికెను.

పడమటి కర్నూలులో ఈ పనికంతకును గండి కొట్టునది సుగ్గి. వానలు లేని యేట, దసరా దీపావళి దాటగానే కుటుంబములు మూటముల్లె సర్దుకొని పత్తి ఏరుటకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు పోవును. ఉగాది ప్రాంతమున తిరిగివచ్చును. నడవగల పిల్లలకొరకు బడులలో సీజనల్ హాస్టళ్లు పెట్టుచున్నారు. నడవలేని బిడ్డ అవ్వ దగ్గర మిగులును, లేదా చేనిగట్టున గుడారములో పరుండును. నాలుగైదు నెలలు కాలు కదలదు. అంతవరకు సాధించినది ఆ చలికాలములో కరిగిపోవును.

దీనికి గొప్ప పథకములు వచ్చువరకు ఆగనక్కరలేదు. దసరాకు ముందే ఆ బిడ్డకు తగిన మూడు పనులను, మూడు మించకుండ, ఫిజియోథెరపిస్టును అడిగి, అవ్వకో తల్లికో చేసి చూపింపవచ్చును. ఫోనులో వీడియోగా తీసి పంపవచ్చును. బిడ్డ వెంటపోయిన యెడల, పోవు ఊరి మండలములోని భవిత ఉపాధ్యాయునికి ఒక చీటి వ్రాయవచ్చును. జామెట్రీ పెట్టెలోని కోణమానిని వంటి పరికరముతో ఫిజియోథెరపిస్టు చీలమండ ఎంత వంగుచున్నదో కొలిచి పుస్తకములో వ్రాసియుంచును. కుటుంబము సుగ్గినుండి తిరిగివచ్చిన వారములోనే ఆ బిడ్డను మరల కొలిపించి, ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి తల్లికి చూపవలెను.