మాత్ర మారిస్తే తల ఎందుకు తిరుగుతుంది?

"సారూ, గీ కొత్త గోలీ నాకు పడ్తలేదు. తల్కాయల కరెంటు కొట్టినట్టు జివ్వుమంటున్నది. పాత రోగమే మళ్ల తిరగబెట్టిందా?"

గొల్లపల్లి మండలంలో బీడీలు చుట్టుకుని సంసారం నెట్టుకొచ్చే ఒకామె నన్నడిగిన ప్రశ్న ఇది. వయస్సు నలభై దాటింది. భర్త గల్ఫులో పనిచేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం ఆమెకు డిప్రెషన్ వచ్చింది. నిద్ర లేదు, తిండి సయించదు, చాట ముందు కూర్చున్నా చేతులాడవు. పారాక్సెటిన్ అనే మందు వాడి కోలుకుంది. కాని ఒళ్ళు బాగా పెరిగింది. అందుకని జగిత్యాలలో మానసిక వైద్యుడు ఆ మందు మార్చి బుప్రోపియాన్ రాశారు. పాత మాత్ర కొద్దికొద్దిగా తగ్గించాలని చీటీలో స్పష్టంగానే రాశారు. ఆమెకు చదువు రాదు. కొత్త మందు వచ్చింది కదా, ఇక పాతదెందుకని ఆ రోజే మానేసింది.

మూడో రోజుకల్లా తల తిరుగుడు, వాంతి వచ్చినట్టుండడం, పీడకలలు, చెమటలు, కారణం లేకుండా ఏడుపు మొదలయ్యాయి. కళ్ళు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉండేది. నేనేం చేశానో కూడా చెప్పాలి. తలతిరుగుడు సూది వేశాను. సెలైన్ ఎక్కించాను. మరునాడు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేశాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టర్ని, "ఈ మధ్య ఏ మాత్రయినా మానేశావా అమ్మా?" అని ఒక్క ప్రశ్న అడగలేదు. మూడోసారి వచ్చినప్పుడు చీటీ చూశాను గనుక సంగతి బయటపడింది.

మానసిక వైద్యుడితో ఫోనులో మాట్లాడి పాత మందు తిరిగి మొదలుపెట్టాం. రెండు రోజుల్లో కరెంటు షాకులు ఆగిపోయాయి. ఆ తర్వాత కొన్ని వారాలపాటు మెల్లమెల్లగా తగ్గించాం. ఆమెకు కొత్త మందు పడకపోవడమూ కాదు, పాత రోగం తిరగబెట్టడమూ కాదు. పాత మందు ఒంట్లోంచి ఒక్కసారిగా వెళ్ళిపోయినందువల్ల వచ్చిన బాధ అది.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. డిప్రెషన్‌కు ఇమిప్రమిన్ పనిచేస్తుందని స్విట్జర్లాండ్‌కు చెందిన రోలాండ్ కూన్ 1957లో ప్రకటించాడు. మరి రెండేళ్ళకే, 1959లో, ఆ మందు ఉన్నట్టుండి మానిన రోగులకు వచ్చే బాధలను వైద్య పత్రికలలో రాశారు. అయినా ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు డాక్టర్లం ఈ సంగతిని తేలిగ్గా తీసుకున్నాం. 1990లలో దీనికి 'డిస్కంటిన్యుయేషన్ సిండ్రోమ్' అని నోరు తిరగని పేరొకటి పెట్టారు. పేరు మెత్తగానే ఉంది, పడేవాళ్ళకు బాధ మాత్రం మెత్తగా ఉండదు.

అలాగని అందరికీ వస్తుందని భయపడనక్కరలేదు. సుమారు 21,000 మంది రోగుల వివరాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. మందు మానిన వాళ్ళలో నూటికి 31 మందికి ఏదో ఒక బాధ కలిగింది. విచిత్రమేమిటంటే, మందు లేని ఉత్తుత్తి మాత్ర మానిన వాళ్ళలో కూడా నూటికి 17 మంది ఇలాంటి బాధలే చెప్పారు. అంటే నిజంగా మందు మానడం వల్ల వచ్చేది ఆరేడుగురిలో ఒకరికి. తీవ్రంగా బాధపడేవాళ్ళు నూటికి ముగ్గురు. కాని ఆ ముగ్గురిలో మీరొకరైతే ఈ లెక్కలు మీకు ఊరట కాదు.

ఎందుకు వస్తుంది?

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఉంది. డిప్రెషన్ మందుల్లో చాలా వాటి పని అది త్వరగా తరిగిపోకుండా చూడడం. నెలల తరబడి మందు వాడితే మెదడు ఆ ఏర్పాటుకు అలవాటుపడుతుంది. ఒక్కరోజులో తీసేస్తే సర్దుకోవడానికి దానికి వ్యవధి చాలదు. ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోయే మందుకు బాధ ఎక్కువ. వెన్లాఫాక్సిన్ కొద్ది గంటల్లోనే సగమవుతుంది, పారాక్సెటిన్ ఒక రోజులో సగమవుతుంది. ఈ రెండూ పేచీకోరు మందులు. ఫ్లూయాక్సెటిన్ మాత్రం వారాల తరబడి ఒంట్లో నిలుస్తుంది కనుక తనంతట తానే మెల్లగా తగ్గుతుంది. పాతకాలపు అమిట్రిప్టిలిన్ ఒక్కసారిగా మానితే వాంతులు, చెమటలు, నిద్రలేమి వస్తాయి.

ఒక మందు నుంచి అదే జాతి మందుకు మారితే సాధారణంగా చిక్కుండదు. ఎస్సిటలోప్రామ్ నుంచి సెర్ట్రలిన్‌కు మారామనుకోండి, రెండూ సెరటోనిన్ మీదే పనిచేస్తాయి కనుక కొత్తది పాతదాని లోటు చాలావరకు పూడుస్తుంది. జాతి మారినప్పుడే చిక్కు. మా బీడీల ఆమెకు వచ్చిన బుప్రోపియాన్ సెరటోనిన్ మీద పనిచేయదు. పాత మందు ఖాళీ చేసిన చోటు ఖాళీగానే మిగిలిపోయింది.

కంపెనీ పేరు మారితే మందు మారినట్టు కాదు. అట్టముక్క వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు అవేనా కావా చూడండి, లేదా చదువుకున్న పిల్లల చేత చదివించండి.

అట్టముక్క వెనక ఇంకొకటి కూడా చూడాలి. మన దగ్గర ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్రలు విరివిగా రాస్తారు. రోగికి అది ఒకే గోలీ, ఒంటికి మాత్రం రెండు మందులు. ఆ మాత్ర మానేసి వేరే డిప్రెషన్ మందుకు మారితే క్లోనజెపామ్ కూడా అదే రోజున ఆగిపోతుంది. చాలాకాలం వాడినవాళ్ళు క్లోనజెపామ్ ఉన్నట్టుండి మానితే వణుకు, గాభరా, ఒక్కోసారి ఫిట్లు కూడా రావచ్చు. మా ప్రాంతం వాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కరలేదు. అల్ప్రాజోలం, డయాజెపామ్ కలిపిన కల్తీ కల్లు తాగి తాగి, ఒకరోజు దొరక్కపోతే మనిషి ఏమవుతాడో చూసినవాళ్ళే. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు వణుకుతో, ఫిట్లతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు వచ్చినవాళ్ళు ఎంతోమంది. క్లోనజెపామ్ కూడా అల్ప్రాజోలం జాతిదే. అందుకని రెండింటినీ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటిగా తగ్గించమని డాక్టరును అడగండి.

"అయితే డిప్రెషన్ మందు కూడా కల్లులాంటిదేనా సారూ?" అని అడుగుతారు. కాదు. దానికోసం మనసు గుంజదు, రోజురోజుకూ మోతాదు పెంచాలనిపించదు. ఒళ్ళు అలవాటుపడడం వేరు, వ్యసనం వేరు. ఈ తేడా తెలియక, పక్కింటివాళ్ళ మాట విని, కుదుటపడుతున్న మనిషి మందు మానేసి మళ్ళీ మంచమెక్కడం నేను పలుసార్లు చూశాను.

రోగమా, మందు మానిన బాధా?

ఇది తేల్చుకోవడానికి రోజులు లెక్కపెట్టండి. మందు మానిన బాధ సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలవుతుంది, ఫ్లూయాక్సెటిన్ అయితే కొన్ని వారాలకు. తల తిరగడం, కరెంటు షాకులు, ఓకరింపు వంటి ఒంటి బాధలు ముందుంటాయి. పాత మందు వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. రోగం తిరగబెడితే అలా కాదు. వారాలకో నెలలకో మెల్లగా కమ్ముకుంటుంది. ముందు దిగులు, నిరాశ వస్తాయి. తలలో కరెంటు కొట్టడం రోగ లక్షణం కాదు. చాలామందికి ఈ బాధ రెండు మూడు వారాల్లో పోతుంది. కొద్దిమందికి నెలలు పట్టవచ్చు. వాళ్ళను "నటిస్తున్నావు" అనకండి.

మందు తగ్గించేటప్పుడు చివరి మెట్టు దగ్గర జాగ్రత్త కావాలి. ఇరవై మిల్లీగ్రాముల నుంచి పదికి దిగడం కంటే, అయిదు నుంచి సున్నకు దిగడం మెదడుకు కష్టం. తక్కువ మోతాదు కూడా మెదడులో చాలా పని చేస్తుంది గనుక. మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు 2019లో ఈ లెక్కను వివరంగా రాశారు. "ఇంత చిన్న ముక్కే కదా" అని చివర తొందరపడవద్దు. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి కూడా మంచిది కాదు, ఒక రోజు ఎక్కడం, ఒక రోజు దిగడం అవుతుంది. మెల్లగా విడుదలయ్యే రకం మాత్రలను విరవకూడదు, నూరకూడదు. చిన్న మోతాదువి రాయమని డాక్టరునే అడగండి.

ఆ వారాల్లో మోటారు సైకిలు నడపకండి. సిరిసిల్ల వైపు పాఠకులకు ప్రత్యేకంగా చెబుతున్నాను, తల తిరుగుతున్నప్పుడు మరమగ్గం దగ్గర నిలబడవద్దు. మంచం మీది నుంచి ఒక్కసారిగా లేవవద్దు. కల్లు, సారా ముట్టవద్దు. ఒళ్ళు నొప్పులని ట్రమడాల్ మాత్ర సొంతంగా మింగవద్దు. డిప్రెషన్ మందుతో కలిస్తే జ్వరం, వణుకు, విరేచనాలు, కంగారు పుట్టి ప్రమాదం రావచ్చు. అలా జరిగితే అది మందు మానిన బాధ కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఫిట్లు వచ్చినా, మనిషి నిద్రపోకుండా హుషారుగా, అతిగా మాట్లాడుతూ డబ్బు తగలేస్తున్నా అంతే. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే మనిషిని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

గల్ఫుకు పోయేవాళ్ళకు ఒక మాట. సెలవు మీద వచ్చి, తెచ్చుకున్న మాత్రలు అయిపోయి, ప్రయాణం హడావిడిలో పదిహేను రోజులు మానేసి, విమానంలో తల తిరిగి పడ్డవాళ్ళున్నారు. పోయే ముందే సరిపడా మందు, ఇంగ్లీషులో రాసిన చీటీ దగ్గరుంచుకోండి. క్లోనజెపామ్, అల్ప్రాజోలం, ట్రమడాల్ వంటివి అనుమతి లేకుండా తీసుకుపోతే యు.ఎ.ఇ.లో చట్టం ఒప్పుకోదు, మీకు అవి అవసరమైతే టిక్కెట్టు కొనకముందే డాక్టరుతో మాట్లాడండి. టిక్కెట్టు చేతికొచ్చాక నా దగ్గరికి వస్తే, పదిరోజుల్లో క్లోనజెపామ్ మాన్పించడం నా వల్ల కాదు.