కిసాన్ డబ్బుల పేరుతో వచ్చే ఫైలు

2025 ఆగస్టు 2న పీఎం కిసాన్ 20వ విడత 2,000 రూపాయలు రైతుల ఖాతాల్లో పడ్డాయి. అదే రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్నదాత సుఖీభవ పథకం తొలి విడతగా మరో 5,000 వేసింది. ముదిగుబ్బ మండలంలో వానను నమ్ముకుని వేరుశనగ వేసిన రైతుకు అవి కలుపు కూలీలకు డబ్బు సర్దాల్సిన రోజులు. టీ కొట్టు దగ్గరైనా, రైతు సేవా కేంద్రం ముందైనా, వాట్సాప్ గ్రూపులోనైనా ఒకటే మాట: ‘నీకు పడిందా?’ మోసగాడు కాచుకుని ఉండేది ఈ ఎదురుచూపు కోసమే.

పీఎం కిసాన్ పేరు పెట్టుకుని తెలుగు రాష్ట్రాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక ఫైలు ఉంది. దాని పేరు చివర ‘ఏపీకే’ అనే మూడక్షరాలు ఉంటాయి. ఫొటో పేరు చివర జేపీజీ, కాగితాల పేరు చివర పీడీఎఫ్ ఉన్నట్టే ఇదీ ఒక గుర్తు. ఫొటోను చూసి వదిలేస్తాం, పీడీఎఫ్‌ను చదివి మూసేస్తాం. ఏపీకే అలా కాదు. అది ఆండ్రాయిడ్ ఫోనులో దిగి, అక్కడే ఉండిపోయి పని చేసే ప్రోగ్రాం మూట. ప్లే స్టోర్ నుంచి కాకుండా బయటి నుంచి వచ్చిన మూటను విప్పబోతే ఫోను ఒకసారి అడ్డు చెబుతుంది. డబ్బు పడలేదన్న ఆత్రంలో ఆ హెచ్చరిక మీద వేలు పెట్టి ముందుకు పోతాం.

విప్పగానే తెర మీద పథకం బొమ్మ, కింద పేరు, ఆధార్, ఖాతా నంబరు నింపే గళ్లు కనిపిస్తాయి. చూడటానికి సచివాలయంలో నింపే దరఖాస్తులాగే ఉంటుంది. దానికంటే ముందు ఆ యాప్ కొన్ని అనుమతులు అడుగుతుంది. మెసేజ్‌లు చదవడానికి ఒకటి, కాంటాక్ట్‌లు చూడటానికి ఒకటి. అసలు తాళంచెవి మొదటిదే. బ్యాంకు పంపే ఓటీపీ మెసేజ్‌గానే కదా వస్తుంది! ఆ అనుమతి చేతిలో ఉంటే ఓటీపీ మన కంటపడకముందే ఎక్కడో కూర్చున్న వాడికి చేరిపోతుంది. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అని ఇన్నేళ్లుగా నేర్చుకున్న జాగ్రత్త ఇక్కడ పనికిరాదు. మనం నోరు విప్పకుండానే పని అయిపోతుంది.

ఇదే అనుమతితో ఇంకో పని కూడా జరుగుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే. వాట్సాప్‌ను కొత్త ఫోనులోకి మార్చుకోవాలంటే ఆరంకెల కోడ్ కావాలి, అదీ మెసేజ్‌లోనే వస్తుంది. దాన్ని దొంగిలిస్తే మన వాట్సాప్ వాడి ఫోనులో తెరుచుకుంటుంది. ఆపైన మన పేరుతో, మన ఫొటోతో అదే ఫైలు మన గ్రూపులన్నిటికీ వెళుతుంది. ముదిగుబ్బ పక్క పల్లెలో ఇద్దరు రైతులు ఇలా మాట్లాడుకుంటున్నారనుకోండి:

‘అన్నా, ఆ కిసాన్ ఫైలు నువ్వే పంపినావా?’

‘నేనేం పంపలేదప్పా. పొద్దున్నుంచి నా వాట్సాపే తెరుచుకోలేదు.’

పల్లెల్లో ఒక మాటను నమ్మడానికి చెప్పిన మనిషే కొలమానం. విత్తనాలు కొన్నా, అప్పు ఇచ్చినా, సంబంధం కలుపుకున్నా ‘చెప్పిందెవరు?’ అనే అడుగుతాం. తరాలుగా మనల్ని కాపాడిన పద్ధతి అది, తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ మనిషి ముఖం ఇప్పుడు అరువుకు దొరుకుతోంది. అందుకే ‘ఎవరు పంపారు?’తో ఆగకుండా ‘ఇది నన్నేం అడుగుతోంది?’ అని కూడా చూసుకోవాలి. డబ్బులు పడ్డాయో లేదో చెప్పే యాప్‌కు నా మెసేజ్‌లన్నీ ఎందుకు? యూపీఐలో డబ్బు పంపడానికి పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. మరి పిన్ ఎందుకడుగుతున్నారు?

గొంతు సంగతీ అంతే. ఫోనులో చక్కటి తెలుగు వినిపించగానే మనవాడేలే అనుకుంటాం. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు చూడండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఆశపెట్టి మన కుర్రాళ్లను కంబోడియా పంపారు, అక్కడ నిర్బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. తెలుగులో మాట్లాడేవాడు కూడా ఒక్కోసారి ఎవరి చేతిలోనో చిక్కుకున్న బిడ్డే.

ఫైలుకు బదులు లింకు వస్తే దాని పేరు చదవడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. అసలు చిరునామా ‘పీఎంకిసాన్ డాట్ జీఓవీ డాట్ ఇన్’. మధ్యలో ఎన్ని మాటలున్నా, ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కనుండే జంట గీతల తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు చివరగా ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ ఉండాలి. ఆ తోకను ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. జీఓవీకి ముందు చుక్కకు బదులు అడ్డగీత ఉంటే అది వేరే ఎవరిదో. చిన్న తెర మీద ఆ చుక్కకీ గీతకీ తేడా ఆవగింజంత. కళ్లజోడు పెట్టుకునైనా చూడాలి.

పొరపాటున ఆ ఫైలు తెరిచేస్తే ముందు ఫోనులో నెట్ ఆపేయండి. ఇంకొకరి ఫోను తీసుకుని సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. పోయిన డబ్బు ఒక్కచోట కూర్చోదు. అద్దెకు తెచ్చుకున్న ఖాతాల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. 1930కి చేసిన ఫిర్యాదు ఆ దారిలోని బ్యాంకులకు చేరుతుంది, దొరికినంత సొమ్మును అక్కడికక్కడ నిలిపేస్తారు. నోట్లు చేతికందాక నిలపడానికి ఏమీ మిగలదు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. కాబట్టి సిగ్గుపడుతూ గడిపే ప్రతి గంటా మోసగాడికి కలిసొచ్చే గంట. ఇంట్లో తిడతారని రాత్రంతా దాచిపెట్టుకోవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఒక పని ఊరంతా కలిసి చేయాల్సింది. గ్రూపులో ఒకరి వాట్సాప్ పోయిందని తెలిస్తే ఆ హెచ్చరికను అదే గ్రూపులో పెట్టి ఊరుకుంటే సరిపోదు. మోసగాడు కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు, గ్రూపు నడిపేవారి ఖాతానే పోయి ఉంటే మన మెసేజ్‌ను చెరిపేయగలడు కూడా. ఫోన్లు చేసి చెప్పాలి, రైతు సేవా కేంద్రంలో చెప్పాలి. సాయంత్రం చేల నుంచి జనం ఇళ్లకు చేరాక గుడి మైకులో ఆ ఫైలు పేరు రెండుసార్లు చదివి వినిపించాలి.