అవిసె నూనె నాణ్యత – జన్యు నేపథ్యం

1. ప్రవేశిక:
తెలుగులో 'అవిసె' అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు ఉంది. ఆకులు, పువ్వులు కూరకు పనికివచ్చే అవిసె చెట్టు ఒకటి. గింజల నుండి నూనెను, కాండం నుండి నారను ఇచ్చే చిన్న పైరు మరొకటి. సంస్కృతంలో 'అతసి'గా ప్రసిద్ధమైన ఈ రెండవ మొక్క నూనె నాణ్యతను నిర్ణయించే జన్యువులను, ప్రజనన శాస్త్రవేత్తలు వాటిని మార్చిన విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నాణ్యత – వినియోగం:
అవిసె గింజ బరువులో సుమారు 40 శాతం నూనె ఉంటుంది. సాధారణ రకాల నూనెలో దాదాపు సగం, అంతకు మించి ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. దీని అణువులో మూడు ద్విబంధాలు ఉండటం వల్ల గాలిలోని ఆక్సిజన్‌తో త్వరగా చర్య జరుపుతుంది. పలుచగా పూసిన నూనె గట్టి పొరగా మారుతుంది. రంగులు, వార్నిష్, లినోలియం తయారీకి ఈ గుణమే ఆధారం. వంటనూనెకు మాత్రం ఇదే దోషం. నిల్వలోనూ, వేడికీ నూనె త్వరగా చెడిపోతుంది.

3. రెండు జన్యువుల పాత్ర:
గింజ ఎదిగే దశలో ఒక ద్విబంధం గల ఒలియిక్ ఆమ్లం మొదట లినోలిక్ ఆమ్లంగా, తరువాత లినోలెనిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ చివరి మార్పును జరిపే ఎంజైమ్‌కు అవిసెలో ఎఫ్‌ఏడీ3ఏ, ఎఫ్‌ఏడీ3బీ అనే రెండు జన్యువులు ప్రధానం. ఒకటి పనిచేయకపోయినా రెండవది కొంతమేరకు పని సాగిస్తుంది. అందువల్ల ఒక్క ఉత్పరివర్తనంతో లినోలెనిక్ ఆమ్లం తగ్గుతుందే కాని దాదాపు లేకుండా పోదు.

4. ప్రజనన ప్రయోగాలు:
ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థలో అలన్ గ్రీన్ 1980ల్లో 'గ్లెనెల్గ్' రకం గింజలను ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్ అనే రసాయనంతో శుద్ధిచేసి, లినోలెనిక్ ఆమ్లం తగ్గిన రెండు ఉత్పరివర్తకాలను గుర్తించారు. వాటిని పరస్పరం సంకరపరచగా, రెండవ తరంలో లినోలెనిక్ ఆమ్లం సుమారు 2 శాతానికి పడిపోయిన గింజలు లభించాయి. రెండు జన్యువులు స్వతంత్రంగా సంక్రమిస్తే సగటున 16 గింజల్లో ఒక దానిలోనే రెండు మార్పులూ సమయుగ్మజ స్థితిలో కలుస్తాయి. ఇక్కడ నూనె స్వభావాన్ని తల్లి మొక్క కాక గింజలోని పిండమే నిర్ణయిస్తుంది. కాబట్టి బీజదళంలో చిన్న ముక్కను పరీక్షించి, మిగిలిన గింజను మొలకెత్తించవచ్చు.

కెనడాలో 'మెక్‌గ్రెగర్' రకం నుండి కూడా ఇటువంటి ఉత్పరివర్తకం లభించింది. అందులో రెండు జన్యువుల సందేశమూ మధ్యలోనే ఆగిపోతున్నదని 2005లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. లినోలెనిక్ ఆమ్లంగా మారవలసిన లినోలిక్ ఆమ్లం అలాగే నిలిచిపోవడంతో ఈ నూనె వంటకు అనువైనది. అక్కడ ఇటువంటి రకాలకు 'సోలిన్' అని పేరుపెట్టి, సాధారణ గోధుమరంగు గింజల నుండి వేరుగా కనిపించేందుకు పసుపు రంగు గింజలుగా రూపొందించారు.

5. ముగింపు:
వంటనూనె కోసం తొలగించిన ఆ ఆమ్లమే శరీరం స్వయంగా తయారుచేసుకోలేని ఒమేగా-3 పోషకం. దానికోసమే అవిసె గింజలు తినేవారికి సోలిన్ వల్ల ప్రయోజనం స్వల్పం. పసుపు గింజలన్నీ సోలిన్ కావు. ఒమేగా-3 పుష్కలంగా ఉన్న పసుపు రకాలూ ఉన్నాయి. కనుక రంగును బట్టి నూనె గుణాన్ని నిర్ణయించరాదు. విత్తనాలు కలిసిపోతే వంటనూనె కోరినవారికీ, పోషకం కోరినవారికీ నష్టమే. ఏ అవసరానికి ఏ నూనె కావాలో ముందుగా నిర్ణయించుకున్నప్పుడే ప్రజననంలో 'నాణ్యత' అనే మాటకు అర్థం ఏర్పడుతుంది.