నడవగలను, నిలబడలేను

31 ఏళ్లు ఆర్టీసీ బస్సులో కండక్టర్‌గా చేశాను. అంటే 31 ఏళ్లు నిలబడే బతికాను. సంక్రాంతి రద్దీలో ఖమ్మం నుంచి హైదరాబాద్ దాకా ఒక కాలు మోపే చోటు దొరికినా చాలు, టికెట్లు కొట్టేసేవాణ్ణి. రిటైరైన మూడేళ్లకు ఆ నిలబడటమే నా వల్ల కాకుండా పోయింది.

నడుము దగ్గర వెన్నెముకలో నరాలు వెళ్లే దారి ఇరుకైపోయిందన్నారు డాక్టర్. లంబార్ కెనాల్ స్టెనోసిస్ అని కాగితం మీద రాశారు. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా బిగుస్తుంది. కూర్చున్నా, ముందుకు వంగినా కాస్త తెరుచుకుంటుంది. అందుకే సామాన్ల ట్రాలీ మీద చేతులు ఆనించి వంగి తోసుకుంటూ పోతే అర కిలోమీటరైనా నడుస్తాను. లైన్లో కదలకుండా నిలబెడితే మాత్రం ఐదు నిమిషాలకు పిరుదుల నుంచి పిక్కల దాకా మంట మొదలవుతుంది. తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత ఆ కాలు నాది కాదు.

2023 మేలో మా అమ్మాయి పురుడని డల్లాస్ బయల్దేరాం, నేనూ మా ఆవిడా. టికెట్ కొన్నప్పుడు వీల్‌ఛైర్ అడగలేదు. నడుస్తున్నాను కదా, కుర్చీ ఎందుకనుకున్నాను. చెక్ఇన్ లైన్ సగానికొచ్చేసరికి కాళ్లు మొద్దుబారి సూట్‌కేసు మీద కూలబడ్డాను. మా ఆవిడ కౌంటర్ దగ్గరికెళ్లి కుర్చీ అడిగితే, అక్కడున్న అమ్మాయి నావైపు చూసి, "సార్ నడుచుకుంటూనే వచ్చారు కదండీ" అంది.

ఆ మాటకు నాకు కోపం రాలేదు, పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఒకసారి బస్సులో వికలాంగుల సీట్లో కూర్చున్న ఓ పాతికేళ్ల అమ్మాయిని నేను అలాగే లేవమన్నాను. లేచి నిలబడి, "తొడలో రాడ్డు వేశారన్నా, నిలబడితే లాగేస్తది" అంది. పైకి చూస్తే ఏమీ కనపడలేదు. ఎంతసేపు నడవగలరన్నది ఒక లెక్క, ఎంతసేపు నిలబడగలరన్నది ఇంకో లెక్క అని ఆ రోజే తెలియాల్సింది. నా ఒంటిమీదికొచ్చాక తెలిసింది.

విమానాల వాళ్ల దగ్గర ఈ తేడాకు ఒక పద్ధతుంది. రెండో ప్రయాణానికి మా అల్లుడు టికెట్ చేస్తూ చూపించాడు. కుర్చీ సాయంలో మూడు రకాలున్నాయి. మెట్లెక్కగలిగి, విమానంలో తన సీటు దాకా నడవగలిగి, ఎయిర్‌పోర్టులోని దూరాలకు మాత్రమే కుర్చీ కావాల్సిన వాళ్లకు డబ్ల్యూసీహెచ్‌ఆర్ అనే కోడ్. మెట్లెక్కలేని వాళ్లకు డబ్ల్యూసీహెచ్‌ఎస్. సీటు దాకా కూడా ఎవరో ఒకరు చేర్చాల్సిన వాళ్లకు డబ్ల్యూసీహెచ్‌సీ. నాది మొదటిది. కమ్మీ పట్టుకుని ముందుకు వంగి మెట్లెక్కడం నాకు కష్టం కాదు. మీకు మోకాళ్ల నొప్పులుంటే మాత్రం రెండోదే అడగండి. అన్ని విమానాలకూ గేటు దగ్గర నేరుగా లోపలికి దారి ఉండదు. కొన్నింటికి బస్సులో తీసుకెళ్లి నిచ్చెన మెట్ల ముందు దింపుతారు. మెట్లెక్కలేరని ముందే రాసి ఉంటే పైకి లేపే వాహనం ఏర్పాటు చేస్తారు.

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం ఈ అవసరాన్ని ప్రయాణానికి 48 గంటల ముందే విమాన సంస్థకు చెప్పాలి. టికెట్ కొనేటప్పుడే చెప్పడం ఇంకా మంచిది. మధ్యలో విమానం మారే వాళ్లు రెండు విమానాలకూ నమోదైందో లేదో చూసుకోవాలి. మేం దోహాలో మారాం. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి అడిగితే మొదటి విమానానికే ఉంది, రెండోదానికి లేదు. అప్పుడు చేర్చారు. ఆ ఫోన్ చేయకపోతే దోహాలో నా గతి ఏమయ్యేదో.

సెక్యూరిటీ దగ్గర నోరు తెరిచి చెప్పాలి. "నడవగలను, నిలబడలేను" అన్న రెండు ముక్కలు చాలు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టే తనిఖీ చేశారు. నడుము బెల్టు విప్పి ట్రేలో పెట్టమన్నారు, అంతే.

దిగేటప్పుడు ఓపిక కావాలి. కుర్చీ వాళ్లను అందరి తర్వాతే దింపుతారు. అందుకని రెండు విమానాల మధ్య మూడు గంటలైనా తేడా ఉన్న టికెట్టే తీసుకుంటాం. అమెరికా చట్టం ఈ సాయానికి డబ్బు తీసుకోకూడదంటుంది. తనంతట తాను కదలలేని మనిషిని కుర్చీలో 30 నిమిషాలకు మించి ఒంటరిగా వదిలేయకూడదంటుంది. దారిలో బాత్రూం దగ్గర ఆపమంటే ఆపాలి కూడా. ఈ చివరిది మన పెద్దవాళ్లు అడగరు, మొహమాటపడి బిగబట్టుకుంటారు. అడగండి, తప్పు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. దోహాలో మా వరసలో ఇరవై మంది దాకా కుర్చీల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు తెలుగువాళ్లే, కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లే. ఇంగ్లీషు రాదు, గేటు ఎక్కడో తెలియదు, అందుకని పిల్లలు కుర్చీ పెట్టించారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, మా ఆవిడకూ అదే భయం. కానీ దారి చూపించడానికి 'మీట్ అండ్ అసిస్ట్' అని వేరే సాయం చాలా విమాన సంస్థల్లో ఉంది. మనిషి వెంట ఉండి గేటు దాకా చేరుస్తాడు. అది అడగాలి. కుర్చీలకూ తోసే మనుషులకూ లెక్కుంది. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబై వచ్చిన ఒక వృద్ధ దంపతులకు ఒక్క కుర్చీయే అందింది. భార్యను అందులో కూర్చోబెట్టి పక్కన నడిచిన 80 ఏళ్ల పెద్దాయన దారిలోనే కుప్పకూలి చనిపోయాడు. ఆ విమాన సంస్థకు డీజీసీఏ 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. అవసరం లేని చోట కుర్చీ తీసుకునే ముందు ఆయన్ని ఒక్కసారి తలుచుకోవాలి.

అవసరం ఉన్నవాళ్లు మాత్రం ఒక్క క్షణం కూడా సిగ్గుపడకూడదు. మొదటిసారి కుర్చీలో కూర్చున్నప్పుడు మా ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకున్నాను. తోస్తున్న కుర్రాడు, "అంకుల్, కాళ్లు పలక మీద పెట్టుకోండి, చేతులు చక్రాలకు దూరంగా ఉంచండి" అన్నాడు, రోజూ చేసే పనిలాగానే. దిగేసరికి నా కాళ్లు రెండూ నావిగానే ఉన్నాయి. నడిచి వెళ్లి మనవణ్ణి ఎత్తుకున్నాను.

అమ్మానాన్నలకు టికెట్లు కొనే పిల్లలారా, పాస్‌పోర్టు నంబరూ పుట్టిన తేదీ అడిగేటప్పుడు ఇంకొకటి కూడా అడగండి: "లైన్లో ఎంతసేపు నిలబడగలరు?" వాళ్లంతట వాళ్లు చెప్పరు.