ఖాళీ కయాక్ కోసం రెండు గంటలు

వారంలో ఐదు రోజులు నేను సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. వేసవి శని, ఆదివారాల్లో మాత్రం ప్యూజెట్ సౌండ్ నీళ్ల మీద గస్తీ తిరిగే పడవకు కెప్టెన్‌ని. అమెరికా కోస్ట్‌గార్డ్‌కు తోడుగా కోస్ట్‌గార్డ్ ఆగ్జిలరీ అనే స్వచ్ఛంద దళం ఉంది. 1939లో మొదలైంది. జీతం ఉండదు, ఆయుధాలుండవు, ఎవరినీ అరెస్టు చేసే అధికారమూ లేదు. మేం తిరిగే పడవ కూడా తోటి సభ్యుడి సొంతమే. పడవకు బాధ్యుడైన వ్యక్తిని ఇక్కడ ‘కాక్సన్’ అంటారు.

మా ఇంట్లో నీళ్లంటే భయం. అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకుంది. చిన్నప్పుడు నన్ను చెరువు గట్టుకు కూడా వెళ్లనిచ్చేది కాదు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మా అమ్మాయితో పాటు ఈత నేర్చుకున్నాను. పౌరసత్వం వచ్చాక ఈ దళంలో చేరాను. ముందు సిబ్బందిలో ఒకడిగా ముడులు వేయడం, ఆగిపోయిన పడవను లాక్కురావడం, నీళ్లలో పడ్డ మనిషిని పైకి తీయడం నేర్చుకోవాలి. తర్వాత నిబంధనల పరీక్ష, పగలూ రాత్రీ పడవ నడిపి చూపే పరీక్ష నెగ్గితేనే కాక్సన్ అవుతాం.

బయల్దేరే ముందు ఆ రోజు ప్రమాదం ఎంత ఉందో సిబ్బంది అంతా చెబుతారు. అందరికన్నా కొత్తవాళ్లు సందేహం చెప్పినా ఆగి వినాలి. ఆ నియమం విలువ నిరుడు మే నెలలో తెలిసొచ్చింది.

సాయంత్రం ఆరు దాటింది. షిల్‌షోల్ బే బయట ఓ ఖాళీ కయాక్ తేలుతూ కనిపించింది. లోపల చిన్నపిల్లల లైఫ్ జాకెట్ ఉంది. పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. జాకెట్ ఉంది సరే, పిల్ల ఏది?

రేడియోలో చెప్పగానే కోస్ట్‌గార్డ్ వాళ్లు గాలించాల్సిన ప్రాంతం ఇచ్చారు. పొలం దున్నినట్టు సాలు వెంట సాలు తిరిగాం. నీళ్లు యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. అంత చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, కాళ్లూ చేతులూ పనిచేసేది పది నిమిషాలు, స్పృహ నిలిచేది దాదాపు గంట అని మాకు నేర్పారు. గడియారం చూడాలంటేనే గుండె దడదడలాడింది.

రెండు గంటలయ్యాక, సిబ్బందిలో చిన్నదైన కాలేజీ విద్యార్థిని మెల్లగా అంది: “నా కళ్లు అలసిపోయాయి. ఎదురుగా ఏమైనా ఉన్నా నాకు కనబడదేమో.” ఇంకొక్క సాలు తిరుగుదామని నా మనసు పీకుతోంది. గాలింపు ఆపే నిర్ణయం నాది కాదు. కానీ నా పడవలో మనుషులు పని చేయగలరో లేదో చెప్పాల్సింది నేనే. ఉన్నమాట రేడియోలో చెప్పాను. మా చోటికి వేరే పడవ వచ్చింది. తిరుగుదారిలో ఎవరం మాట్లాడలేదు. ఓ పసిబిడ్డను నీళ్లలో వదిలేసి వస్తున్నట్టే అనిపించింది.

రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. రేవులో కట్టిన కయాక్ ముడి సడలి కొట్టుకుపోయిందట. పాప ఇంట్లో నిద్రపోతోంది! అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నా. కాసేపు మౌనంగా ఉండి, “వెతికేవాళ్లు ఉన్నారని తెలిస్తే ఆ రాత్రి మాకూ కాస్త ధైర్యంగా ఉండేదిరా” అంది.

వేసవి వస్తే మనవాళ్లూ కయాక్‌లు, పాడిల్ బోర్డులు కొంటున్నారు. వాటి మీద మీ పేరు, ఫోన్ నంబరు రాయండి. అందుకోసం ఆగ్జిలరీ వాళ్లు స్టిక్కర్లు కూడా ఇస్తారు. ఒక్క ఫోన్‌తో తేలిపోయే విషయానికి పడవలన్నీ తిరగక్కర్లేదు. ఆ సమయంలో నిజంగా మునుగుతున్నవాళ్లు మరొకచోట ఉండొచ్చు. ఎండ చూసి నీళ్లూ వెచ్చగా ఉంటాయనుకోకండి. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 2023లో అమెరికాలో పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో 87 శాతం మంది జాకెట్ వేసుకోలేదని కోస్ట్‌గార్డ్ లెక్క.

ఈ వేసవిలో మా అమ్మ వస్తోంది. పడవ ఎక్కుతానంది. తన సైజు జాకెట్ కొని ఉంచాను.