రాయ్‌పూర్–విశాఖ రహదారి: పొలం ముక్కలైతే పరిహారం ఎందుకు పెరిగింది?

రాయ్‌పూర్: రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి నిర్మిస్తున్న ఆరు వరుసల రహదారి కోసం ఛత్తీస్‌గఢ్‌లో జరిపిన భూసేకరణ అవినీతి కేసుగా మారింది. రాయ్‌పూర్ జిల్లా అభన్‌పూర్ ప్రాంతంలో కొందరు రెవెన్యూ ఉద్యోగులు, భూ దళారులు కుమ్మక్కై పొలాలను కాగితాలపై చిన్న ముక్కలుగా చూపించి అధిక పరిహారం రాబట్టారన్నది ప్రధాన ఆరోపణ. ఖజానాకు సుమారు రూ.43 కోట్ల నష్టం వాటిల్లిందని ప్రాథమిక విచారణలో అంచనా వేశారు. ఈ ఆరోపణలు న్యాయస్థానంలో రుజువు కావలసి ఉంది. అయితే ఒక గ్రామ రెవెన్యూ రికార్డులో చేసిన మార్పు కోట్ల రూపాయల చెల్లింపుగా ఎలా మారగలదో ఈ కేసు వెల్లడిస్తోంది.

ఏమిటీ రహదారి?

భారత్‌మాల పరియోజన కింద చేపట్టిన ఈ కారిడార్ పొడవు దాదాపు 465 కిలోమీటర్లు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మీదుగా సాగి విశాఖ సమీపంలోని సబ్బవరం వద్ద ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్ భాగానికి ప్రధాని నరేంద్ర మోదీ 2022 నవంబరులో విశాఖలోనూ, సుమారు 125 కిలోమీటర్ల ఛత్తీస్‌గఢ్ భాగానికి 2023 జులైలో రాయ్‌పూర్‌లోనూ శంకుస్థాపన చేశారు. మధ్య భారతంలోని పరిశ్రమలను విశాఖ రేవుతో కలపడం దీని లక్ష్యం. ప్రస్తుత రహదారిని విస్తరించకుండా పొలాల మీదుగా కొత్త మార్గం వేస్తున్నందున పెద్ద మొత్తంలో ప్రైవేటు భూమి అవసరమైంది.

పరిహారం ఎవరు నిర్ణయిస్తారు?

జాతీయ రహదారుల భూసేకరణ 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం జరుగుతుంది. సెక్షన్ 3ఏ కింద తొలి ప్రకటన వెలువడుతుంది. అభ్యంతరాలకు 21 రోజుల గడువు ఉంటుంది. సెక్షన్ 3డీ ప్రకటనతో భూమి కేంద్ర ప్రభుత్వ పరమవుతుంది. ఆ తరువాత సెక్షన్ 3జీ కింద పరిహారాన్ని ఖరారు చేస్తారు. 2013 భూసేకరణ చట్టంలోని పరిహార నిబంధనలు 2015 నుంచి రహదారులకు కూడా వర్తిస్తున్నాయి. దీనివల్ల మార్కెట్ విలువ ఆధారంగా లెక్కించిన మొత్తానికి సమానమైన మరో మొత్తాన్ని సొలేషియంగా చెల్లించాలి.

డబ్బు కేంద్రానిదే అయినా, ఎవరికి ఎంత దక్కాలో నిర్ణయించేది స్థానిక రెవెన్యూ యంత్రాంగమే. పట్వారీ రికార్డు రాస్తారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పరిశీలిస్తారు, తహసీల్దారు ఉత్తర్వు ఇస్తారు, సబ్ డివిజనల్ అధికారి పరిహారం ఖరారు చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. తెలంగాణలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం పట్వారీ వ్యవస్థ నేటికీ కొనసాగుతోంది.

లొసుగు ఎక్కడుంది?

గ్రామీణ వ్యవసాయ భూమికి ఛత్తీస్‌గఢ్‌లో అప్పట్లో రెండు రకాల ధరలు ఉండేవి. పెద్ద కమతాన్ని హెక్టారు ధర ప్రకారం, 500 చదరపు మీటర్ల లోపు స్థలాన్ని చదరపు మీటరు ధర ప్రకారం లెక్కించేవారు. చిన్న స్థలాన్ని సాధారణంగా ఇంటి కోసం కొంటారు కనుక దాని ధర ఎక్కువ.

ఊహాజనితమైన ఒక లెక్క తీసుకుంటే విషయం బోధపడుతుంది. హెక్టారు ధర రూ.20 లక్షలు, చిన్న స్థలం ధర చదరపు మీటరుకు రూ.1,000 అనుకుందాం. ఒక హెక్టారు పొలం ఒకే కమతంగా ఉంటే దాని విలువ రూ.20 లక్షలు. అదే పొలాన్ని 400 చదరపు మీటర్ల చొప్పున 25 భాగాలు చేస్తే విలువ రూ.కోటికి చేరుతుంది. సొలేషియం కలిపితే రూ.40 లక్షలు రావలసిన చోట రూ.2 కోట్లు వస్తాయి. పొలం అదే, పండే పంట అదే. మారింది రికార్డు ఒక్కటే.

భూసేకరణ ప్రకటన వెలువడిన తరువాత ఇలా విభజించి లబ్ధి పొందడం చెల్లదు. అందుకే పాత తేదీలతో పంపకాలు జరిగినట్లు పత్రాలు సృష్టించారన్నది దర్యాప్తులో కీలకాంశం. గతంలో జలాశయం కోసం ప్రభుత్వం సేకరించిన భూమికి కూడా మళ్లీ పరిహారం చెల్లించారన్న ఆరోపణ ఉంది.

దర్యాప్తు ఎంతవరకు వచ్చింది?

ఈ వ్యవహారాన్ని ప్రతిపక్ష నేత చరణ్‌దాస్ మహంత్ 2025 బడ్జెట్ సమావేశాల్లో శాసనసభలో లేవనెత్తి, సీబీఐ దర్యాప్తు కోరారు. ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ నేతృత్వంలోని మంత్రివర్గం మార్చిలో కేసును రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగానికి అప్పగించింది. ఏప్రిల్‌లో రెవెన్యూ ఉద్యోగులు, దళారుల ఇళ్లలో సోదాలు, తొలి అరెస్టులు జరిగాయి. అదే ఏడాది అక్టోబరులో ప్రత్యేక న్యాయస్థానంలో అభియోగపత్రం దాఖలైంది.

ప్రజాగ్రహం ఎందుకు?

మోసపోయింది ఖజానా ఒక్కటే కాదన్నది గ్రామీణుల ఆవేదన. అన్నదమ్ముల మధ్య పంపకం, పేరు మార్పిడి, సరిహద్దుల కొలత వంటి సేవలకు రైతులు ఇదే కార్యాలయాల చుట్టూ తిరుగుతుంటారు. పౌర సేవలకు గడువు విధిస్తూ ఛత్తీస్‌గఢ్ 2011లోనే లోక్ సేవా గ్యారంటీ చట్టం తెచ్చింది. అయినా జాప్యంపై, ముడుపులపై ఫిర్యాదులు ఆగలేదు. సామాన్యుడి దస్త్రం కదలని చోటే దళారుల దస్త్రాలు చకచకా కదిలాయన్న భావన ఆగ్రహాన్ని రెట్టింపు చేసింది.

నిజాయితీగా భూమి ఇచ్చిన రైతుకు మరో నష్టం పొంచి ఉంటుంది. ఒక గ్రామ రికార్డులపై అనుమానం తలెత్తితే అక్కడి చెల్లింపులన్నీ పరిశీలనలో చిక్కుకునే ప్రమాదం ఉంది. దళారి వాటా తీసుకుని తప్పుకున్నా, పట్టాపై పేరున్న రైతు విచారణకు హాజరు కావలసి వస్తుంది.

ఏం మారింది?

కేసు వెలుగులోకి వచ్చాక ప్రభుత్వం మూడు మార్పులు చేసింది. 2025 ఏప్రిల్‌లో, రిజిస్ట్రేషన్ పూర్తయిన వెంటనే పేరు మార్పిడి దానంతటదే జరిగే విధానం తెచ్చి, ఆ మేరకు తహసీల్దార్ల పాత్రను తొలగించింది. జులైలో శాసనసభ ఆమోదించిన భూ రెవెన్యూ కోడ్ సవరణ ప్రకారం ఐదు సెంట్ల కన్నా తక్కువ వ్యవసాయ భూమిని విడదీసి రిజిస్టర్ చేయడం కుదరదు. చిన్న ముక్కలకు వేరే ధర పద్ధతిని రద్దు చేసి, గ్రామీణ వ్యవసాయ భూమి మొత్తాన్ని హెక్టారు ధరతోనే లెక్కించాలని మంత్రివర్గం నిర్ణయించింది. అభన్‌పూర్ తరహా అక్రమాలకు మూలమైన లొసుగును మూసివేసే మార్పు ఇదే.

అయితే రికార్డు రాసేవారు, దానిని ధ్రువీకరించేవారు, పరిహారం నిర్ణయించేవారు ఒకే శాఖకు చెందినవారు కావడం మారలేదు. భూసేకరణ ప్రకటన నాటి రికార్డును గ్రామసభలో చదివి వినిపించడం, ఆ తేదీ తరువాత మార్పులకు వీల్లేకుండా ఆన్‌లైన్‌లో స్తంభింపజేయడం, చెల్లింపు జాబితాను పంచాయతీ గోడపై ప్రదర్శించడం వంటి చర్యలకు పెద్దగా ఖర్చు కాదు. ఎవరి పొలం ఎంతో, అది ఎప్పుడు పంచుకున్నారో ఊరివారికి తెలుసు. ఆ జాబితా సొమ్ము చెల్లించకముందే వారి కంటపడితే, దర్యాప్తు సంస్థలు రావడానికి చాలా ముందే అక్రమం బయటపడుతుంది.